బోలు చుక్క

ఫిబ్రవరి. జుగ్దిది. స్టాఫ్ రూంలో కట్టెల పొయ్యి
పొగ ఎక్కువ, సెగ తక్కువ.
బల్ల మీద ముప్ఫై ఒక్క పరీక్ష కాగితాలు,
పక్కన మీగడ కట్టిన నా టీ.

మొదటి ప్రశ్న తమ్తా వాళ్ళింటి నుంచే ఎత్తుకొచ్చాను:
సులుగుని జున్ను ఊరేసే ఉప్పునీళ్ళు,
ఇరవై లీటర్లకి నాలుగు కిలోలు.
వాళ్ళమ్మ చేయి జారింది. ఇప్పుడిక నీళ్ళు కలుపుతూ పోతే?
నాలుగు బై ఇరవై ప్లస్ ఎక్స్, అని పద్ధతిగా రాసి
కింద తనకు తోచింది కూడా రాసిందా పిల్ల:
"టీచర్, ఎంగురి నదంతా తెచ్చి పోసినా
నాలుక్కి ఎక్కడో ఉప్పు తగులుతూనే ఉంటుంది."
పుస్తకం దాన్ని అనంతస్పర్శరేఖ అంటుంది.
ఆ వాక్యానికి మార్కులు వేసే గడి
నా దగ్గర లేదు.

నాలుగో ప్రశ్నలో మళ్ళీ అదే పిల్ల బోల్తా పడింది.
ఒకటి బై ఎక్స్ మైనస్ మూడు,
రెండు కన్నా పెద్దదయ్యేది ఎప్పుడు?
ముందూ వెనకా చూడకుండా హారంతో గుణించి పారేసింది.
సుద్ద విరిగేలా ఎన్నిసార్లు చెప్పాను,
ధనమో రుణమో తెలియనిదాన్ని
అటువైపు మోయకండని!
రుణమైతే గుర్తు వెనక్కి తిరుగుతుంది,
చెక్‌పోస్టు దగ్గర రాత్రి బస్సు తిరిగినట్టు.
ఆమె జవాబులో
మూడున్నరకి ఎడమనున్న లోకమంతా ఉంది.
అసలు జవాబు మూడుకీ మూడున్నరకీ మధ్య
ఒక సందు.
మనిషి పక్కకి తిరిగి నడిస్తే పట్టేంత.

ఇక సమీకరణం. దాదాపు అందరూ
ఎక్స్ సమానం రెండు, కింద రెండు గీతలు.
లెక్క ఎక్కడా తప్పలేదు, అదే బాధ.
దారంతా సక్రమంగా నడిచొచ్చిన రెండుని
గుమ్మంలో ఆపి ఎవరూ అడగలేదు,
నువ్వు లోపలికొస్తే హారం ఏమవుతుందని.
సాధన లేదు అని రాయడానికి
పదహారేళ్ళ వాళ్ళకి భయం.
నాకూ ఉండేది.

ముప్ఫై ఒక్క కాగితాలు. రిజిస్టర్లో ముప్ఫై రెండు పేర్లు.

బేకా అవతలి ఒడ్డు నుంచి వంతెన దాటి వచ్చేవాడు,
బూట్ల నిండా బురదతో, ఎప్పుడూ పది నిమిషాలు ఆలస్యంగా.
డిసెంబర్లో బోర్డు మీద
ఎక్స్ స్క్వేర్ మైనస్ నాలుగుని ఎక్స్ మైనస్ రెండుతో భాగించి
పైదీ కిందదీ ఒక్క వేటున కొట్టేశాడు.
"అయిపోయింది టీచర్, ఇక ఇది మామూలు సరళరేఖే."
కాదన్నాను. రెండు దగ్గర ఏముంది?
"కొట్టేశాక ఎవరికి తెలుస్తుంది?"
గీతకి తెలుస్తుంది, అని గీసి చూపించాను,
రెండు దగ్గర సుద్ద ఎత్తి, చిన్న బోలు చుక్క పెట్టి,
మళ్ళీ అవతల మొదలుపెట్టి.
వాడు ముక్కు బోర్డుకి ఆనించి చూశాడు.
"ఇంత చిన్న కన్నమా?"
చిన్నది కాదు రా, దానికి కొలతే లేదు.
తరగతంతా నవ్వింది, ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

జనవరిలో వంతెన మూశారు.

ముప్ఫై రోజులు రాకపోతే పేరు కొట్టెయ్యాలట, నిబంధన.
గుమాస్తా నోదారి ఎర్ర పెన్ను నా ముందు పెట్టి వెళ్ళాడు.
మధ్యాహ్నం తిరిగొచ్చి, కళ్ళజోడు పైకి తోసి,
"ఎతేరీ, ఈ సున్నా ఏమిటి? హాజరా, గైర్హాజరా?"

సున్నా కాదు, అన్నాను.
అటు నుంచి వచ్చినా ఇటు నుంచి వచ్చినా
ఎంత దగ్గరికెళితే అంతగా
నాలుగు, నాలుగు అంటుంది గీత.
తీరా అక్కడికి వెళ్ళి చూస్తే
ఎవరూ ఉండరు.

నోదారి కాసేపు నిలబడ్డాడు.
పొయ్యిలో ఒక కట్టె వేసి
రిజిస్టర్ అలాగే మూసి తీసుకెళ్ళాడు.