కంచె మీద కోటు

అక్టోబరు రెండో శనివారానికి ముందు
కూహ్మో వేటగాళ్ళంతా మా వంటింటికే వస్తారు.
చినిగిన జేబులు, ఊడిన జిప్పులు,
ఉతికినా నిరుటి నెత్తురు వదలని చేతులు.
బల్ల మీద నారింజరంగు గుట్ట.
దీపం వెయ్యకపోయినా గది వెలుగుతుంది.

కుట్టడం అయ్యాక నాకో అలవాటుంది.
ఒక్కో కోటునీ పెరటి కంచె మీద ఆరేస్తాను,
సందెవేళ,
వెలుతురు నీళ్ళు కలిసిన పాలలా పలచబడ్డాక.
వెనక్కి చూడకుండా నూరడుగులు నడిచి
అప్పుడు తిరుగుతాను.
నేను వెతికితే దొరకడం కాదు,
అదే నన్ను పిలవాలి.
పిలవనిది మా కుక్కకి పడకవుతుంది,
ఎవరిదైనా సరే.

నిన్న హిల్ప వచ్చింది. పదహారేళ్ళది, ఇదే మొదటి వేట.
తాత కోటట. అచ్చొచ్చిన కోటట.
ముప్పై ఏళ్ళు ఎండకీ సబ్బుకీ అప్పులు కట్టి
ఇటుకరంగు దాటి ఎండుటాకు వైపు నడుస్తోంది అది.
"దుప్పికి ఈ రంగే తెలీదటగా, రౌని అత్తా,
బూడిదలా కనపడుతుందట.
మరెందుకింత ఆర్భాటం?"

నిజమే. దుప్పి కంటికి
ఈ మంటంతా అడవిగాచిన వెన్నెలే.
మనం వేసుకునేది దుప్పి కోసం కాదమ్మా,
పక్క కాపులో కూర్చున్న మనవాడి కోసం.
పొద్దుటి నుంచీ దుప్పినే తలచుకుని తలచుకుని
కదిలిన ప్రతి కొమ్మకీ
కొమ్ములు మొలిపించే వాడి కళ్ళ కోసం.

అంతవరకే పైకి అన్నాను.

మా అన్న తైస్తోకి అప్పుడు ఇరవై రెండు.
నాన్న ఉన్నికోటు వేసుకెళ్ళాడు, గోధుమరంగుది.
మోచేతి దగ్గర మాసిక నేనే వేశాను.
రంగు కలవాలని
దుకాణంలో అరగంట గుడ్డముక్కలు తిరగేశాను.
ఎంత బాగా కలిసిందో.
చిత్తడి అంచున
బూటు తాడు కట్టుకోవడానికి వంగాడు.

కాల్చింది ఓయివ. పక్కింటివాడే.
నలభై ఏడేళ్ళుగా జట్టుతో వస్తూనే ఉన్నాడు, తుపాకీ లేకుండా.
కాఫీ కాస్తాడు. కుక్కలకి నారింజ పట్టీలు కడతాడు.
మనుషుల్ని లెక్కపెడతాడు,
పోయేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి,
మధ్యలో ఊరికే రెండుసార్లు.
ఏటా తన కోటూ తెస్తాడు.
దానికి చిరుగుండదు.
ఎక్కడని నేనూ అడగను.
ఒక కుట్టు విప్పి, మళ్ళీ వేసి, ఇచ్చేస్తాను.

హిల్ప చేతే ఆ కోటుని కంచె మీద ఆరేయించాను.
దాని చేతే నూరడుగులు లెక్కపెట్టించాను.
"ఇప్పుడు చూడు."

కంచె ఉంది.
రోవన్ చెట్టుంది, ఆకూ పండూ ఎర్రబడి.
"గాలికి పడిపోయినట్టుంది" అంది.
పడలేదు.
వెనక్కి నడిచాం. ఎనభై. అరవై.
నలభై దగ్గర ఒక చెయ్యి కనపడింది,
ఖాళీగా వేలాడుతూ.
హిల్ప ఏమీ అనలేదు.
ముక్కు తుడుచుకుంది. చలికే అనుకుంటాను.

కొత్త కోటుకి కొలతలు తీస్తుంటే
ఊపిరి బిగబట్టి నిటారుగా నిలబడింది.
వదులుకో, లోపల స్వెట్టర్ పట్టాలి అన్నాను.
తాత కోటు మాత్రం కుక్కకి వెయ్యొద్దంది.
విప్పి, కొత్తదానికి అస్తరు చేశాను.
అచ్చొచ్చినది లోపలికి,
అరిచేది బయటికి.
రాత్రి రెండయింది. సూది రెండుసార్లు విరిగింది.

పొద్దున్నే ఓయివకి చెప్పాను,
ఈసారి పన్నెండు కాదు, పదమూడు మంది అని.
"తెలుసు" అన్నాడు,
అప్పటికే
వేళ్ళ మీద ఎంచుతూ.