గోడకు నోరు

నేను జాయినైన నాడు ఈ బడికున్న రాత
ఒక్కటంటే ఒక్కటే:
'ఇచ్చట మూత్రము పోయరాదు.'
అదీ బయటి గోడకు.
లోపల సున్నం, వాన చెమ్మ దిగిన చారలు,
మేకుకు పోయినేటి క్యాలెండరు.

దేవరకొండకు పోయి చార్టులు కొనుక్కొస్తి.
ఓ అంటే ఓడ.
"ఓడంటే చేపల పుట్టోలె ఉంటదా టీచర్?"
అడిగిండు గోప్యా.
నేను మాత్రం ఎన్నడు సూసిన్నని!
చార్టులు చుట్టి బీరువ మీద పెట్టిన.

"రేపు మీ ఇంట్ల అచ్చున్నది
ఏదుంటే అది తీస్కరాండ్రి" అన్న.

పత్తి గింజల సంచి వచ్చింది, మందు వాసనతోని.
చినిగిన యూరియా బస్త, బీడీ కట్ట కాయితం,
కరెంటు బిల్లు (కట్టనిది),
చందంపేట బస్సు టికెట్లు చెమటకు మెత్తబడి,
పాలకూర విత్తనాల పొట్లం,
మూలలకు పసుపు రాసిన పెండ్లి పత్రిక.
వంట చేసే బుగ్గమ్మ మైదా ఉడికిచ్చి
గంటెతోనే బంక పోసింది.

మోకాళ్ళ మీద కూసుండి అతికిచ్చిన అన్నిటిని.
నిలబడి అతికిస్తే అవి నాకే కనబడ్తయి.
తలుపుకు 'తలుపు' అని,
కిటికీకి 'కిటికీ' అని,
బిందెకు 'నీళ్ళు' అని చీటీలు.
రెండో రోజు మేకొచ్చి
బంక రుచికి సగం గుణింతం నమిలిపోయింది.
మళ్ళ రాసినం.

దేవ్లి మాత్రం మాట్లాడలే.
తండా నుంచి వస్తది, ఆఖరి వరుసల కూసుంటది,
హాజరు పిలిస్తే చెయ్యి లేపుతది, గంతే.
అన్నం తిన్నంక అందరు బయట ఉరుకుతుంటె
తను గోడకు ముక్కానిచ్చి నిలబడేది.
ఏం సూస్తుందో అడగలే. భయపడ్తదని.

కార్తీకంల ఒకనాడు
నీళ్ళు ముంచుకుందామని పోతే
'నీళ్ళు' కింద సుద్దముక్కతోని,
వంకరగ, కొమ్ములు విరిగిన అక్షరాల్తోని
ఇంకో మాట.

పాణి.

ఎవలు నేర్పిండ్రు నీకిది?
చెప్పలే. వేలు పెట్టి చూపిచ్చింది.
పాలకూర పొట్లం మీది 'పా'.
పెండ్లి పత్రికల
చి.ల.సౌ. కల్యాణి పేరు చివర్న 'ణి'.
ఎవరిదో పెండ్లి,
ఎవరిదో పెరడు,
మధ్యల తన ఇంటి నీళ్ళు.

నేను నాలుగు నెలలు
ఆ పిల్లకు మాట రాదనుకున్న.

ఇప్పుడు బిందెకు రెండు చీటీలు.
బుగ్గమ్మ చేసే రొట్టె మీద
'బాటి' అని ఎక్కడ అతికియ్యాల్నో తెల్వక
పొయ్యి పక్క గోడకు రాసిండ్రు.
తనిఖీకి వచ్చినాయన అద్దాలు సర్దుకొని
"ఇదేం భాష?" అన్నడు.
"బిందెదే సార్" అన్న.

గోప్యా తమ్ముడు కొత్తగ చేరిండు.
వాడింక నోరు తెరువలే.
గోడ మూలకు జానెడు జాగ ఇడిచిపెట్టిన,
వానికి అందేటట్టు,
మేకకు అందకుండ.