పండుకొని తొక్కే బండి

నాలుగోసారి గాలి పోయింది.
పోచమ్మ మైదాన్ దాటి పది గజాలు గాలేదు.
మామూలు సైకిలోనికి పంచరైతే పిర్రలకెరుక,
నాకు చెవికెరుక.
వెనుక చక్రం నా తలకాయకు జానెడు దూరంల తిరుగుతది మరి,
సుస్స్... అని
పక్కమీది మనిషి గుట్టు చెప్పినట్టే చెప్తది.

దిగుడు సుత ఒక పనే.
కాళ్లు పెడళ్ల మీంచి తియ్యాలె,
ఎడమ చెయ్యి నేలకు ఆనిచ్చాలె,
"కర్ర తీరు లేవకు, దుంగ తీరు దొర్లు"
అని డాక్టరమ్మ చెప్పినట్టు దొర్లాలె.
అప్పటికే చుట్టు పోరగాండ్లు:
"తాతా, మంచం మీదికెల్లి పడ్డవా?"
తాతను గాను. నలబై తొమ్మిది.

ఏనుమాముల యార్డుల ఇరవై రెండేండ్లు
మిర్చి బస్తా మోసిన,
తుమ్ముకుంట ఎక్కిచ్చిన, తుమ్ముకుంట దించిన.
ఒక్క తుమ్ముకు నడుం పుటుక్కుమన్నది,
బస్తా కింద కాదు,
ఖాళీగ నిలవడి బీడి ముట్టిచ్చుకునేటప్పుడు.
ఎనిమిది నెలలు నవారు మంచం మీద
దూలాలు లెక్కవెట్టిన.
పదమూడు.

బండి చేసింది మా సడ్డకుడు ఉప్పలయ్య,
దేశాయిపేటల వెల్డింగు పని.
రెండు తుక్కు సైకిళ్లు కోసి, అతికి,
విరిగిన ఆఫీసు కుర్చి సీటు వెట్టి
"కూసుంటె నొస్తదంటివి గద, పండుకొని తొక్కు" అన్నడు.
గా దినం నుంచి కాంట కాడ చిట్టీలు రాయవోతున్న
ఆకాశం చూసుకుంట,
బస్సుల సైలెన్సర్లు మూతి మీద ఊదంగ.

గఫార్ భాయి మొదటిసారి తుమ్మ ముల్లన్నడు.
రెండోసారి మొల ఉంటదన్నడు, దేవులాడిండు, దొరకలే.
మూడోసారి ట్యూబే ముసలిదన్నడు,
కొత్తది ఏసి నూట ఎనబై తీసుకున్నడు.
నాలుగోసారి ఏమనలే.
ట్యూబును తొట్టిల ముంచి శానసేపు చూసిండు.
మూలకు పారేసిన పాతది తెచ్చి పక్కన వెట్టిండు.
దాని మీద రెండు అతుకులు, ఒక తూటు;
దీని మీద ఒకటి.
నాలుగూ రోడ్డు దిక్కు లేవు,
రిమ్ము దిక్కున్నయ్.
"అందర్ కా మామ్లా హై, సాంబయ్యా."

టైరు ఊడదీసి రిమ్ముల వేలు తిప్పిండు.
ఒక కాడ వేలు ఆగింది,
వేలి మీద రక్తపు చుక్క.
స్పోకు కొస, ఆవగింజంత.
లోపట ఉండాల్సిన పట్టీయే లేదు,
బండి తయారైన సంబురంల ఉప్పలయ్య మరిచిండు.

నేనేమో ఇన్ని దినాలు
కంకర లారీలను తిట్టిన,
మున్సిపాలిటోళ్లను తిట్టిన,
కంపలు కొట్టి తొవ్వ మీదేసేటోళ్ల
ఏడు తరాలను తిట్టిన.

ఆకురాయితోని కొస అరగదీసిండు భాయి.
"ఈ సైజు పట్టీ వరంగల్ల దొరకది" అన్నడు.
ఇంటికి వోయి మంచం తిప్పి వెట్టిన.
"నవారు కోస్తవా? రేపు మళ్ల నడుం వడితె ఏడ పంటవ్?"
అని కొంరమ్మ కత్తెర దాసిపెట్టింది.
జరసేపటికి తనే తెచ్చింది.
మూడు మూరలు కోసి, రిమ్ముకు పట్టేటట్టు
సన్నగ మడిచి కుట్టింది,
సూది పొడిచిన కాడల్ల గొణుక్కుంట.
కొత్తవాడ నేత. గట్టిది.
ఎనిమిది నెలల నా చెమట వాసన
ఎన్ని ఉతుకులుతికినా పోలే దాంట్లకెల్లి.

తొమ్మిది దినాలు గాలి నిలిచింది.
పదో దినం, కాశిబుగ్గ మలుపు కాడ,
చెవి పక్కన మళ్ల సుస్స్.
దుంగ తీరు దొర్లిన.
చక్రం తిప్పి చూస్తె
తుమ్మ ముల్లు, అసలు సిసలుది,
బయటికెల్లి నిలువుగ దిగింది.
ఏమాటకామాట, నాకు నవ్వొచ్చింది.

"తాతా, మళ్ల పడ్డవా?"
"పడలేదుర పోరగా," అన్న, ముల్లు పైకెత్తి సూపిచ్చుకుంట,
"పంచరైంది."