కాలమ్ నంబరు పదకొండు

కర్నూలు, బీ క్యాంపు, ఇంటి నంబరు నూట పద్నాలుగు.
టేపు ఆ కొస దస్తగిరి పట్టుకున్నాడు, ఈ కొస నేను.
ముందు గది పది బై పన్నెండు.
వెనక గదీ అంతే, ఒక బెత్తెడు తక్కువ.
వంటిల్లని రాయడానికి పెన్ను మొహమాటపడేంత వంటిల్లు.
గోడ మందం అడుగున్నర.
మే నెల మిట్టమధ్యాహ్నం వీపు ఆనిస్తే
నీళ్లకుండకు ఆనించినట్టు ఉండాది.

ఫారంలో పదకొండో కాలమ్:
చారిత్రక ప్రాముఖ్యత, ఉన్నది / లేదు.
వర్తించనిది కొట్టివేయవలెను.
నూట పదమూడు ఇళ్లకు
"ఉన్నది" కొట్టేసుకుంటూ వచ్చినాను.
చూడకుండానే గీత పడుతుంది ఇప్పుడు.

ప్రాముఖ్యత కావాలంటే ఊళ్లో కొండారెడ్డి బురుజుంది,
దాని ముందు నిలబడి ఫోటో దిగుతారు.
ఈ ఇంటి ముందు నిలబడితే
ఏందప్పా, అద్దెకు కావాల్నా అంటారు.

మూడేండ్లు. మూడంటే మూడేండ్లు ఈ ఊరు రాజధాని.
మద్రాసు నుంచి ఫైళ్లొచ్చినాయి, ఫైళ్ల వెంట గుమాస్తాలు.
గుడారాల్లో ప్రభుత్వం.
తేళ్లకు భయపడి కాళ్లు కుర్చీమీద పెట్టుకుని
నోట్లు రాసేవాళ్లంట.
అప్పుడు కట్టినారు వీటిని,
ఎవరి గొప్ప చాటుకోనీకీ కాదు,
డెబ్బై రూపాయల జీతగాడు
జ్వరమొస్తే పడుకోనీకె.

నిన్న రికార్డు రూములో పాత ఎస్టిమేటు దొరికింది.
చెదలు తిన్నంత తిని అంకెలు వదిలేసినాయి.
ఇటుక ఇంత, సున్నం ఇంత, బేతంచెర్ల బండలు ఇన్ని,
ఇనుప దూలాలు నాలుగు,
ఆ కింద, అదే గుండ్రటి చేతిరాతలో:
కొక్కెం, ఉయ్యాలకు, ఒకటి. ఆరణాలు.

తలెత్తి చూసినాను.
నడిమి దూలానికి, తుప్పుపట్టి, ఉండాది.
నూట పదమూడు ఇళ్లలోనూ ఉండే ఉంటుంది,
నేను పైకి చూళ్లేదు.
పదిహేనేండ్ల సర్వీసులో నేనేసిన ఎస్టిమేట్లన్నీ తిరగేసుకున్నా:
కెమెరాలకు పాయింట్లు పెట్టినాను, ఏసీకి బొక్క పెట్టినాను,
జనరేటరుకు షెడ్డు కూడా.
ఈ ఇంట్లో ఒక బిడ్డ పుడుతుందని
ప్రభుత్వం లెక్కేసుకున్న కాగితం
ఇదొక్కటే చూసినాను.

వంటింటి కిటికీ మోకాలెత్తుకుంది.
ప్రతి ఇంటికీ "లోపం" అని రాస్తూ వచ్చినాను.
మరిచిపోయిన రోకలి కోసం వచ్చిన షంషాద్ బీ,
నిన్నమొన్నటిదాకా ఇక్కడే ఉన్న మనిషి, నవ్వింది.
"కూచో సార్. కింద కూచో."
కూచున్నాను.
గాలి సరిగ్గా మొహానికి తగిలింది.

పొయ్యి నేలమీద ఉన్న కాలం.
ఊదే మనిషి మొహం ఎంత ఎత్తున ఉంటుందో
కొలిచి పెట్టినాడు ఎవడో.
తర్వాత వచ్చినోళ్లు కడప బండతో గట్టు కట్టించుకొని
లేచి నిలబడినారు.
కిటికీ మాత్రం కూచునే ఉండాది.

"వరదొచ్చిన ఏడు పాతబస్తీ నుంచి మావాళ్లు పదకొండు మంది
ఈ రెండు గదుల్లోనే సార్,
ఎట్ల పట్టినామో ఇప్పటికీ తెలీదు"
అంటూ రోకలి భుజానేసుకుని పోయింది.

"లోపం" కొట్టేసినాను.
పదకొండో కాలమ్‌లో ఉన్నదీ కొట్టలేదు, లేదూ కొట్టలేదు.
మిగిలిన జాగాలో ఇరికించి రాసినాను:
కిటికీ, నేల నుంచి అడుగున్నర. కూర్చొని చూడవలెను.

ఈఈ గారు ఎర్రసిరాతో చుట్టి పంపినారు:
అసంబద్ధము. సరిచేసి పంపండి.
సరిచేసినాను.
ఇద్దరు పిల్లల ఫీజులున్నాయి నాకు.

గురువారం జేసీబీ వచ్చింది.
సున్నపు గోడ ఒక దెబ్బకు పడదు, కాసేపు గొణుగుతుంది.
నూట పద్నాలుగుకు ఒక పూట పట్టింది.

వేలం జాబితా నా చేతిరాతే.
తలుపులు మూడు, దూలాలు నాలుగు,
బండలు, పగిలినవీ పగలనివీ.
కొక్కేన్ని పాత ఇనుములో కలిపేయమన్నాడు దస్తగిరి.
కలపలేదు. వేరే వరుసలో రాసినాను:
కొక్కెం, ఉయ్యాలకు, ఒకటి.

తలుపులకు పోటీపడి పాడినారు.
దూలాలకు ఆదోని నుంచి వచ్చి మరీ పాడినారు.
దానికి మాత్రం
ఎవరూ పాట పాడలేదు.