టంకం

నెలలో మొదటి శనివారం
చర్చి వెనక హాల్లో బల్లలు మావి.
రేపు పొద్దున వీటి మీద కేకులు అమ్ముతారు,
ఈ పూటకి మాత్రం
నలభై ఏళ్ళ నాటి కంప్యూటర్లు.

డండీలో ఎండ కాయడమంటే అదొక వార్త.
ఒక్క మధ్యాహ్నం మబ్బు విడిస్తే చాలు,
గ్రెగర్ పీట్రీ ఒంట్లో బాగోలేదని ఆఫీసుకి ఫోన్ కొట్టి
పసుపెక్కిన ప్లాస్టిక్ మూతలకి
జుట్టు తెల్లబరిచే క్రీము పట్టించి
పెరట్లో వడియాల్లా ఎండబెడతాడు.
గంటకోసారి తిరగేస్తాడు.
ఆ డబ్బా నా కోసం కొన్నది కదా అంటుంది
వాళ్ళావిడ, కిటికీలోంచి.

లాక్లన్‌ది వేరే మతం. బిస్కట్ రంగు కమొడోర్.
స్కూలు వరండాలో మొదలైన మా తగువు
రెండు పెళ్ళిళ్ళూ ఒక విడాకులూ దాటొచ్చింది.
గుండె ఆపరేషన్‌కి మత్తు ఇచ్చే ముందు
నాకు మెసేజ్ పెట్టాడు:
"నీ దానికి కీచురాయి గొంతు."

నాది చిన్నది. నల్లది.
మూలన తెగిపడిన ఇంద్రధనుస్సు ముక్క.
రబ్బరు మీటలు నొక్కితే
చలికి మొద్దుబారిన చెవితమ్మె పట్టుకున్నట్టు.
లోపల నలభై ఎనిమిది కిలోబైట్లు.
ఇవాళ నా పిల్లి ఫొటోలో ఒక్క మీసం పట్టదు అందులో,
అప్పుడు ఒక గుహ పట్టింది,
పదిహేడు గదులు, ఒక దెయ్యం,
నావి మూడు ప్రాణాలు.

క్యాసెట్ పెట్టి ప్లే నొక్కాక
ఆ గీపెట్టే చప్పుడు ఐదు నిమిషాలు.
తెర అంచుల్లో నీలం పసుపు చారలు పరిగెడుతుంటే
మెట్ల మీద ఎవరూ గట్టిగా నడవకూడదు.
అంతా అయి, ఆఖరి క్షణంలో, ఎర్రర్.
మళ్ళీ మొదటికి.
ఇప్పుడు నేను బస్సు నడుపుతాను.
సిగ్నల్ దగ్గర వెనకాల అందరూ హారన్లు కొడుతుంటే
ఇంకా లోడ్ అవుతోంది, అనుకుంటాను.

పోయిన నెల, వాన.
రేపటి అమ్మకానికి జామ్ సీసాలు దింపడానికొచ్చింది
ఎల్స్‌పెత్ ఫెయిర్‌వెదర్, ఎనభై ఒకటి, చేతికర్ర.
బల్ల మీద నాది పొట్ట విప్పుకుని పడుంది,
మూడు వారాలుగా ఉలుకూ పలుకూ లేదు.
"ఇవి ఇంకా ఉన్నాయా?" అంది
ఎలుకల గురించి అడిగినట్టు.

ఫ్యాక్టరీలో వీటికి టంకం పెట్టిందట.
హాలంతా మాట పడిపోయింది.
ఎవరో కుర్చీ తెచ్చారు, ఎవరో టీ.
గ్రెగర్ టోపీ తీసేశాడు.
రోజుకి ఎన్ని చేసేవారండీ?
"అది ఫోర్‌మన్ లెక్క. మా లెక్క మెడనొప్పి."
ఇంట్లో పిల్లలు ఆడుకునేవారా?
"కొనేంత జీతమా నాయనా అది?"
వెలిగించి చూసేది పక్క గదిలో.
ఆమె ఒక్కటీ వెలగగా చూడలేదు.

బోర్డు తీసి, ట్యూబ్‌లైటు వైపు వంచి,
వెనక వైపు బొటనవేలితో తడుముతూ పోయి
ఒకచోట ఆగింది.
"ఈ బొట్టు సరిగ్గా కరగలేదు. సోమవారం పని."
మీదేనా, అన్నాను నవ్వుతూ.
"నాది కాదు."
కళ్ళద్దాలు తుడుచుకుంది చాలాసేపు.
"ఏమో. సోమవారాలు నేనూ వెళ్ళేదాన్ని."

వేడెక్కిన కడ్డీ అందుకున్నప్పుడు చెయ్యి వణికింది.
మొన తగిలాక వణకలేదు.
సన్నటి పొగ, గుగ్గిలం లాంటి వాసన.
ఆ వాసనకి ఆమె ఎడమ పక్కకి తిరిగింది,
ఎవరితోనో ఏదో అనబోయి.
అక్కడ జామ్ సీసాలున్నాయి.

తెర తెల్లబడింది.
అడుగున ఒక్క వరస అక్షరాలు.
చప్పట్లు కొట్టాం, లాక్లన్ కూడా కొట్టాడు,
తర్వాత కొట్టలేదన్నాడు.
ఆమె ఖాళీ తెర వంక చూసి, మా వంక చూసి,
"ఇంతేనా?" అంది.

కూర్చోండి, అన్నాను,
క్యాసెట్ వెనక్కి తిప్పుతూ.
ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది.