రెండు పిడికిళ్ళ ఎత్తు

సొహార్‌లో జనవరి రాత్రికి
స్వెట్టర్ వేసుకుంటేనే మర్యాద.
ఏడో తరగతి బి సెక్షన్, ముప్పై ఒక్కమంది,
బడి మేడ మీద, నీళ్ళ ట్యాంకుల సందుల్లో.
అందరి చేతుల్లో సంతకాలయిన అనుమతి కాగితాలు:
ఆకాశం చూడ్డానికి ప్రిన్సిపాల్ ఒప్పుకోవాలి,
అమ్మ ఒప్పుకోవాలి, బస్సు డ్రైవరు
ఇంకాస్త గట్టిగా ఒప్పుకోవాలి.

టార్చీలకి ఎర్ర మిఠాయి కాగితం చుట్టించాను.
చీకటి కళ్ళకి అలవాటు కావాలంటే ఇరవై నిమిషాలు.
ఇరవై నిమిషాలు నోరు మూసుకోవడం
వీళ్ళ సిలబస్‌లో లేదు.

"చెయ్యి చాచండి. పిడికిలి బిగించండి.
అది పది డిగ్రీలు. చిటికెన వేలు ఒకటి.
ఇక స్కేలు ఇంట్లో మర్చిపోయానని
ఎవరూ చెప్పలేరు."
ముప్పై ఒక్క పిడికిళ్ళు లేచాయి.
కింద రోడ్డు మీద ఎవరో కారు ఆపి చూశాడు,
గొడవ ఎవరి మీదో అని.

దక్షిణాన, మెడ నొప్పెట్టేంత ఎత్తులో
మూడు చుక్కలు వరసగా. పుస్తకంలో వేటగాడి నడుము.
"మా వైపు గొల్లకావడి అంటారు."
కావడి అంటే?
"ఒక కర్ర, రెండు కుండలు, ఒక భుజం."
"డెలివరీ బాయా మిస్?"
కాదనడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

ఇంకా పైన పిల్లలకోడి.
అరబ్బులు దాన్నే సురయ్యా అంటారనగానే
అందరూ కడప సురయ్యా వైపు తిరిగారు.
తను మాత్రం తన పేరుని లెక్కపెట్టుకుంటోంది:
"ఏడన్నారు. ఆరే ఉన్నాయి మిస్."

"మిణుకుమంటే నక్షత్రం. రెప్ప వెయ్యకపోతే గ్రహం.
ఇళ్ళు మారుతూ తిరిగేదీ గ్రహమే."
గురుడు దొరికాడు, తూర్పున కుజుడు దొరికాడు.
నిశ్చల్ ఒక్కడే వాయవ్యానికి తిరిగి నిల్చున్నాడు.
"ఆ ఎర్రటిది?"
"రిఫైనరీ మంట నాన్నా."
"తెలుసు. మా నాన్న దాని కింద ఉన్నాడు.
మిణుకుతోంది, కాబట్టి గ్రహం కాదు.
అస్తమించదు, కాబట్టి నక్షత్రం కాదు.
నోట్‌బుక్కులో ఏం రాయను?"
"దిశ రాయి. ఎత్తు రాయి. పేరు తర్వాత చూద్దాం."
వాడు చెయ్యి చాచి, ఒక కన్ను మూసి,
చాలాసేపు కొలిచాడు.
చిటికెన వేలున్నర.

గేటు తాళాలతో పైకొచ్చిన ఖల్ఫాన్
ఒకప్పుడు వల వేసిన మనిషి.
మేం వదిలేసిన మూల చూపించాడు,
దక్షిణాన, ఖర్జూరపు తలల మీద ఒంటి చుక్క.
సుహైల్.
ఎండాకాలం చివర తెల్లవారుజామున ఇది కనిపిస్తే
కుళాయి నీళ్ళు చెయ్యి కాల్చడం మానేస్తాయట.
"మేం అగస్త్యుడంటాం. వింధ్యకి వస్తానని చెప్పి
దక్షిణానికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు."
"ఫైనల్ ఎగ్జిటా మిస్?"
ఖల్ఫాన్‌కి ఆ రెండు మాటలే అర్థమయ్యాయి.
అందరికన్నా ముందు అతనే నవ్వాడు.
ఎత్తు: పిడికిలి, దాని మీద రెండు వేళ్ళు.

మార్చిలో సురయ్యా వాళ్ళ నాన్నకి
సలాలా పోర్టుకి బదిలీ.
టీసీ మీద స్టాంపు, హాజరు పట్టీలో అడ్డగీత,
సగం మూతలేని వాటర్ బాటిలు మిగిలింది నా టేబుల్ మీద.

నిన్న రాత్రి మెసేజ్:
"మిస్, ఇక్కడ సుహైల్ రెండు పిడికిళ్ళ ఎత్తు.
నా చెయ్యి చిన్నదవలేదు. మూడుసార్లు కొలిచాను."

చెప్పుల్లో కాళ్ళు దూర్చి మా మేడ ఎక్కాను.
చెయ్యి చాచాను.
పిడికిలి, రెండు వేళ్ళు. అంతే.
తక్కినదంతా, ఒక రాత్రి పొడుగునా బస్సెక్కితే గానీ
తరగని ఇసుక.

అడ్డగీత కొట్టిన వరసలో
పెన్సిల్‌తో ఇరవై అని రాసి, టిక్కు పెట్టాను.
వాయవ్యాన మంట వెలుగుతోంది.
నిశ్చల్ వాళ్ళ నాన్నకి ఈ వారం పగటి డ్యూటీ.