జానెడు తక్కువ

ఇరకం రేవులో పడవ ఒడ్డుకు లాగి కూర్చున్నా,
పాత పెద్దకన్ను వల ఒళ్లో వేసుకుని.
ఇన్నేళ్లూ దీన్ని నీళ్లలోకి విసిరాను.
ఇవాళ నీళ్లకు అడ్డంగా కడుతున్నా,
అంచు చుట్టూ, పిలకాయల భుజాలెత్తు.

కన్ను పెద్దదేమోనంది మంగవేణి.
చిన్నదాని మడమ పెట్టి చూశాం, దూరలేదు.
బొటనవేలు మాత్రం బయటికొచ్చి
సరస్సు గాలికి ఆడింది.

చాప వాసం గాలి మారితే ఊరుకోదు,
నా చెవి వెనక మచ్చ దాని సంతకమే.
పిల్లలు పుట్టినప్పుడు పరిచిన బొంత
దాని చుట్టూ బిగించి కుట్టింది.

కొయ్య నుంచి నడుముకు తాడు.
అంచుకు జానెడు తక్కువుండాలి.
"ఎవరి జాన?"
"నీదే. పెద్దది."
పడవ తిరగబడితే?
ఒక్క గుంజుకు ఊడే ముడి,
చిన్నోడు పదిసార్లు ఊడదీసి నవ్వాడు.

నాకు నాలుగేళ్లప్పుడు
నాయన ఈ పడవలోంచే నన్ను నీళ్లలోకి విసిరి
"ఈదుతాడులే" అన్నాడు.
ఈదాను.
తమ్ముడి ఊసు ఆయన ఎప్పుడూ ఎత్తడు.

సాయంత్రం కర్ర పక్కన పెట్టి పడవెక్కాడు.
వల ముడులు ఒక్కొక్కటే లాగి చూశాడు,
ఏమీ అనకుండా.
చుక్కాని దగ్గరిది విప్పి
మళ్లీ కట్టాడు.